కల్పిత భాగం

రేవు మైకులో దల్లే పేరు వినిపించినప్పుడు దోగ్యోం చేతిలో టీ కప్పు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాలని కూడా వాడికి తోచలేదు, కప్పుతోనే మెట్లు దిగి పరిగెత్తాడు. దల్లే వాడి భార్య. పొద్దున గుల్లలు ఏరడానికి నీళ్లలో దిగిన ఆడవాళ్లంతా మళ్లీ పడవెక్కారు, ఆమె ఒక్కతే ఎక్కలేదు. ఈలోపు పొగమంచు సముద్రాన్ని కమ్మేసింది.

నేను లాప్‌టాప్ చంకన పెట్టుకుని వాడి వెనకే దిగాను. మా ఆఫీసు రేవు చివర పాత ఐసు గిడ్డంగి మీద ఉంది, రెండు గదులు, నలుగురు మనుషులు. నా పేరు మ్యోంగ్‌రాన్. మా దగ్గర ఉప్పులో ఊరేసిన చేపగుడ్లకి కూడా అదే పేరు కాబట్టి, నలభై దాటినా ఈ రేవులో నన్ను సవ్యంగా పిలిచిన పాపాన ఎవడూ పోలేదు. దోగ్యోం మాత్రం అక్కా అంటాడు. ఏళ్ల తరబడి ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని పనిచేస్తున్నాం, రోజుకోసారైనా పోట్లాడుకుంటాం.

"ఎక్కవే చేపగుడ్డూ, తొందరగా ఎక్కు!" అని కెప్టెన్ బోంగ్ పడవలోంచి అరిచాడు. డైవింగ్ ఆడవాళ్లని రోజూ తీసుకెళ్లి తీసుకొచ్చేది ఆయనే. "ముసలాళ్లని గట్టు మీద దింపి వెనక్కి పోతున్నా. చూస్తుండగానే గోడ కట్టినట్టు దిగిపోయిందే మంచు! పిల్ల ఆఖరి మునక వేసింది, ఎక్కడ తేలిందో కనపడలేదు. అరిచాం, గంట కొట్టాం. ప్రవాహం లాగేసిందే, లాగేసింది."

"పెట్టె ఆన్ చెయ్యలేదా బాబాయ్?"

"నాకొచ్చా చచ్చా? అది మీరొస్తేనే గదా కళ్లు తెరిచేది!"

కప్పు ఇంకా దోగ్యోం చేతిలోనే ఉంది, టీ అంతా చొక్కా మీద ఒలికిపోయింది. నేను దాన్ని లాక్కుని నీళ్లలోకి విసిరేసి, వాణ్ణి పడవలో ఉన్న పెట్టె తెర ముందు కూర్చోబెట్టాను.

ఆ పెట్టె మా కంపెనీది. దల్లే నడుముకి వేలెడంత గొట్టం ఒకటి కట్టాం, అది మనిషి చెవికి అందని టిక్కు టిక్కు శబ్దాన్ని నీళ్లలోకి పంపుతుంది. పడవ ముక్కు కింద రెండు మైకులు, ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. శబ్దం ఏ మైకుకి ముందు చేరిందో లెక్కకట్టి, మనిషి ఏ వైపు, ఎన్ని డిగ్రీల పక్కన ఉందో తెర మీద చూపిస్తుంది. ముందుందో వెనకుందో దానికి నేరుగా తెలీదు. అందుకే కంపెనీ పెట్టిన చోన్ సార్ ఒక పద్ధతి చెప్పి రేవులో అందరిచేతా బట్టీ పట్టించాడు. తెర ఏ వైపు చూపిస్తే ఆ వైపే పడవ తిప్పుతూ పో. అంకె పెరిగినా తిప్పు, తగ్గినా తిప్పు, సున్నా అయ్యేదాకా ఆపకు. సున్నా అయిందంటే మనిషి నీ ముక్కుకి సూటిగా ఉన్నట్టు. మొదట ఆమె వెనకున్నా సరే, ఈ పద్ధతిలో చివరికి ఆమెకి ఎదురుగానే నిలబడతావు.

ఆ గొట్టాన్ని మొదట కట్టుకుంటానన్నది దల్లేనే. మిగతా ఆడవాళ్లు నవ్వారు. "మొగుడు నడుముకి గంట కట్టాడే" అని ఏడిపించారు. ఆమె కూడా వాళ్లతో పాటు నవ్వింది గానీ, ఒక్కరోజు కూడా విప్పలేదు.

ఆమె దిగిన చోట నీళ్లలో ఒక రాతి దిబ్బ ఉంది. ప్రవాహం అక్కడ రెండుగా చీలుతుంది. ఒక పాయ అఖాతంలోకి తిరుగుతుంది. అక్కడ ఆల్చిప్పలు పెంచే తెప్పలు వరసగా ఉంటాయి, కొట్టుకొచ్చిన మనిషి దేన్నో ఒకదాన్ని పట్టుకుని బతకొచ్చు. రెండో పాయ బయటికి, సరుకు ఓడలు నడిచే దారిలోకి పోతుంది. అంత పెద్ద ఓడ మీద నుంచి నీళ్లలో ఉన్న మనిషి మామూలు రోజే కనపడదు, ఇక పొగమంచులో చెప్పక్కర్లేదు. పోటు తిరిగే వేళ కాబట్టి ఏ పాయ లాగిందో బోంగ్ బాబాయ్‌కి కూడా తెలీదు. తెలిస్తే మా పెట్టెకే తెలియాలి.

దిబ్బ దగ్గరికి చేరేసరికి పడవ ముక్కు కూడా మాకు కనిపించడం లేదు. దోగ్యోం తెర మీదకి వంగాడు. టిక్కు దొరికింది. బలం చూపించే గీతలు నాలుగు వెలిగాయి.

"కుడి," అన్నాడు. "కుడి, ముప్పై అయిదు."

బోంగ్ బాబాయ్ చుక్కాని కుడికి తిప్పాడు. దోగ్యోం అంకెలు చదువుతూనే ఉన్నాడు. యాభై. డెబ్బై. తొంభై దాకా పెరిగింది, తర్వాత తగ్గడం మొదలుపెట్టింది. అంటే వెనక ఉందన్నమాట. అలా జరుగుతుందని చోన్ సార్ ముందే చెప్పాడు కాబట్టి ఎవరం కంగారు పడలేదు. నలభై, ఇరవై, అయిదు.

"సున్నా! సూటిగా ఉంది బాబాయ్!"

బోంగ్ బాబాయ్ దిక్సూచి వంక చూశాడు. చూసి, టోపీ తీసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అఖాతం వైపు. లోపలికే కొట్టుకొచ్చిందిరా! బతికిపోయింది పిల్ల, బతికిపోయింది!"

నాకు ఏడుపొచ్చింది. సిగ్గేం లేదు చెప్పుకోడానికి, ముక్కు చీది మరీ ఏడ్చాను. దోగ్యోం నవ్వుతున్నాడు, వాడి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. బోంగ్ బాబాయ్ రేడియోలో తీర రక్షక దళానికి చెప్పేశాడు. బయట ఓడల దారిలో వెతుకుతున్న వాళ్ల పడవలు రెండూ మా మాట నమ్మి లోపలికి తిరిగాయి. ఇక బయట ఎవరూ లేరు.

ఇంజను పూర్తి వేగంతో నడుస్తోంది. మేం తెప్పల వైపు పోతున్నాం. దోగ్యోం ప్రతి క్షణం "సూటిగా, సూటిగా" అంటున్నాడు. కాసేపటికి నాలుగు గీతల్లో ఒకటి ఆరిపోయింది.

"ప్రవాహం ఆమెని ముందుకి లాగుతోంది," అన్నాడు దోగ్యోం. "ఇంకా వేగం పెంచు బాబాయ్."

"ఇంతకంటే పెంచితే తెప్పల్ని గుద్దేస్తాం రా నాయనా."

"పెంచు బాబాయ్!"

పెంచాడు. అలలు పక్కనుంచి కొడుతున్నాయి, పడవ ముక్కు ఎడమకీ కుడికీ ఊగుతోంది. నేను వాడి భుజం మీదుగా తెర చూస్తూ నిలబడ్డాను. కుడి మూడు. సున్నా. కుడి నాలుగు. కుడి రెండు. సున్నా. కుడి అయిదు.

ఏదో తేడాగా ఉంది. ఏమిటో వెంటనే తట్టలేదు. పంటి కింద రాయి తగిలినట్టు ఒక ఇబ్బంది, అంతే. మళ్లీ చూశాను. ముక్కు ఎడమకి ఊగినప్పుడు ఎదురుగా ఉన్న మనిషి కుడికి పోవాలి, సరే. ముక్కు కుడికి ఊగినప్పుడు మనిషి ఎడమకి పోవాలి కదా? పడవ రెండు వైపులా ఊగుతోంది. తెర మాత్రం ఒక్కసారి కూడా ఎడమ అనడం లేదు.

"దోగ్యోం, ఇది ఎడమ చూపించడం లేదురా."

"సూటిగా ఉందక్కా, సూటిగా ఉన్నప్పుడు ఎడమెందుకు చూపిస్తుంది?"

"పడవ ఊగుతోంది గదరా."

"అక్కా, ప్లీజ్. ఇప్పుడు కాదు."

ఇంకో గీత ఆరిపోయింది. రెండే మిగిలాయి.

నేను వాడితో వాదించలేదు. "బాబాయ్, ముక్కుని కుడికి కొంచెం తిప్పు. బాగా తెలిసేలా తిప్పి, అలాగే పట్టుకో," అన్నాను. బోంగ్ బాబాయ్ నా మొహం చూసి, గొణుక్కుంటూ తిప్పాడు. ఎదురుగా మనిషి ఉంటే తెర ఎడమ ఇరవై చూపించాలి.

కుడి ఇరవై చూపించింది.

"ఇప్పుడు ఎడమకి."

తెర మళ్లీ కుడి ఇరవై అంది.

"ఏంటే ఇది?" అన్నాడు బోంగ్ బాబాయ్. "ఎటు తిప్పినా కుడేనా? ఇందాకట్నుంచి నన్ను గానుగెద్దులా తిప్పుతున్నారా మీరు?"

నేను కింద కూలబడి లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ప్రోగ్రాం తెరిచాను. అలలు తుళ్లి తెర మీద పడుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ వెతికాను.

రెండు మైకుల్లోకి వచ్చిన శబ్దాన్ని మేం సంకీర్ణ సంఖ్యలుగా మారుస్తాం. హైస్కూల్లో అందరూ చదివి పరీక్ష అవగానే మర్చిపోయే లెక్కే, ఒక వాస్తవ భాగం, ఒక కల్పిత భాగం. పేరుకే కల్పితం. రెండు మైకుల సంఖ్యల్నీ కలిపి లెక్క కడితే, వచ్చినదాని వాస్తవ భాగం మనిషి ఎంత పక్కకి ఉందో చెప్తుంది. ఏ పక్కకి ఉందో చెప్పేది కల్పిత భాగమే. అది సున్నాకి పైన ఉంటే కుడి, కింద ఉంటే ఎడమ.

చోన్ సార్ ఈ ప్రోగ్రాం రాసిన కాలంలో ఆయన కంపైలర్‌కి, అంటే ప్రోగ్రాంని యంత్రం భాషలోకి మార్చే సాధనానికి, సంకీర్ణ సంఖ్యలంటే తెలీదు. రెండు భాగాలకీ రెండు వేరే పేర్లు పెట్టి, ప్రతి లెక్కనీ రెండేసి సార్లు రాసుకున్నాడు. ఆయన రిటైరై పళ్లతోట చూసుకోడానికి వెళ్లిపోయాక, దోగ్యోం దాన్నంతా సీ ప్రోగ్రామింగ్ భాషకి సొంతంగా ఉన్న సంకీర్ణ రకంలోకి మార్చాడు. మంచి పనే, సగం వరసలు తగ్గిపోయాయి. ఆ భాష నియమాల్లో వట్టి కల్పిత సంఖ్యలకి కూడా ఒక వేరే రకం రాసి ఉంటుంది గానీ, మా కంపైలర్‌లో అది లేదు. "మెనూలో రాసి, వంటింట్లో లేదన్నట్టుంది అక్కా" అని వాడు దాని మీద నాతో ఒక పూటంతా పోట్లాడాడు. అంత పట్టించుకుని చేసిన మనిషి.

సగటు తీసే చోట దొరికింది. సముద్రం రొదలో టిక్కు తేలడానికి వరసగా వచ్చిన సంఖ్యల సగటు తీస్తాం. చోన్ సార్ రెండు భాగాలకీ రెండు సగటులు పెట్టాడు. దోగ్యోం రెండోది అక్కర్లేదని తీసేశాడు, మొదటిదాని రకం మార్చడం మర్చిపోయాడు. దాని ముందు ఒక్క మామూలు సంఖ్య పట్టే రకం, డబుల్ అని మాత్రమే ఉంది, డబుల్ కాంప్లెక్స్ అని ఉండాలి. రెండు భాగాల సంఖ్య వచ్చి ఒక్క భాగం పట్టే చోట పడుతోంది. కొన్ని భాషల్లో అయితే ఇలా రాస్తే కంపైలర్ అక్కడే ఆపి నెత్తిన మొట్టేది. సీ నోరెత్తదు. వాస్తవ భాగాన్ని ఉంచుకుని, కల్పిత భాగాన్ని చప్పుడు చెయ్యకుండా పారేస్తుంది. పనిగట్టుకుని అడిగితే హెచ్చరిస్తుంది. పాత కోడ్ మీద అలా అడిగితే పేజీల కొద్దీ సణుగుడు వచ్చేదని ఆ హెచ్చరికని మేమే ఆపేసి పెట్టుకున్నాం.

ఆ తర్వాతి వరసలు మరీ అమాయకంగా ఉన్నాయి. కల్పిత భాగం సున్నా కంటే తక్కువైతే ఎడమ అను, లేకపోతే కుడి అను. పారేశాక మిగిలేది సున్నాయే. సున్నా ఎప్పుడూ సున్నా కంటే తక్కువ కాదు.

"దోగ్యోం, ఇలా చూడు."

"చూడను."

"ఒరేయ్, చూడరా!"

వాడు చూశాడు. ఆ వరస చదవడానికి ఎంతసేపు పడుతుంది? వాడు చదవడం అయ్యాక కూడా చూస్తూనే ఉన్నాడు.

"అన్నిసార్లు టెస్ట్ చేశాం అక్కా," అన్నాడు. "ఒక్కసారి కూడా తప్పు రాలేదు. నువ్వు కూడా ఉన్నావు. ఒక్కసారి కూడా."

"ఎక్కడ చేశాం?"

"రేవులో."

"పడవని ఎలా కట్టి?"

మా రేవులో ఏ పడవైనా ఎడమ పక్కనే గట్టుకి ఆనించి కడతారు. ఎందుకని ఎవరూ అడగరు, తాతల నాటి నుంచీ అంతే. గట్టు ఎడమవైపు ఉంటే నీళ్లుండేది కుడివైపే. టిక్కు గొట్టాన్ని తాడుకి కట్టి మేం ఎన్నిసార్లు నీళ్లలోకి దింపినా కుడివైపే దింపాం. పెట్టె ప్రతిసారీ కుడి అంది, మేం ప్రతిసారీ చప్పట్లు కొట్టాం.

"అర్థమయ్యేలా చెప్పండ్రా ఎవరైనా," అన్నాడు బోంగ్ బాబాయ్.

నేను చెప్పాను. పెట్టెకి ఎడమ అనడం రాదు. దల్లే మొదట నిజంగా కుడివైపు, వెనక ఉంటే ఇప్పుడు మేం ఆమెకి ఎదురుగా పోతున్నట్టే. ఎడమవైపు, ముందు ఉంటే మాత్రం అంకెలు ఇలాగే పెరిగి ఇలాగే తగ్గుతాయి, చివరికి సున్నా దగ్గర మా వీపు ఆమె వైపు ఉంటుంది. రెంటిలో ఏది నిజమో పెట్టె చెప్పలేదు.

"గీతలు తగ్గుతున్నాయి బాబాయ్. నాకైతే దూరం పోతున్నాం అనిపిస్తోంది."

"అనిపిస్తోందా?" బోంగ్ బాబాయ్ ఇంజను తగ్గించాడు. "టిక్కు తగ్గడానికి వంద కారణాలుంటాయని నువ్వే చెప్పావు కదే. మనిషి ఒళ్లు అడ్డం పడినా తగ్గుతుందన్నావు. ప్రవాహంలో దూరం పోయినా తగ్గుతుందన్నావు."

"అన్నాను."

"బయటంటే ఓడల దారి. ఈ మంచులో ఇంత చిన్న పడవని అటు తిప్పడమంటే మన ముగ్గురి ప్రాణం కూడా దాని మీద పెట్టడమే. పెడతాను, పెట్టనని కాదు. కానీ పిల్ల ఇక్కడ తెప్పల దగ్గర ఉండి, మనం వదిలేసి అటు పోతే? నేనా పాపం మొయ్యలేను." ఆయన దోగ్యోం వైపు తిరిగాడు. "నీ పెళ్లాం. నువ్వు చెప్పు, ఎటంటే అటు పోతాను."

నాకు ఆయన మీద ఒళ్లు మండిపోయింది. మొగుణ్ణి అడిగే వేళా ఇది? వాడి తలకాయ పనిచేస్తోందో లేదో కూడా తెలీదు. కానీ మా రేవులో అది మామూలే, నీళ్లలో ఉన్న మనిషి గురించి ఇంటివాళ్ల మాటే ఆఖరి మాట.

దోగ్యోం తెర వంక చూస్తున్నాడు. అక్కడ ఇంకా సున్నా అనే ఉంది, సూటిగా అని పచ్చగా వెలుగుతోంది. వాడికి అది నిజం కావాలి. నాకూ కావాలి. అఖాతంలో ఉందని విన్నప్పుడు ఏడ్చిన ఏడుపు నా చెంపల మీద ఇంకా ఆరలేదు. వాడు దాన్ని పట్టుకుని కూర్చున్నా నేను వాణ్ణి తప్పుపట్టేదాన్ని కాదు. రెండో గీత మినుకు మినుకుమంటోంది.

"లోపల ఉంటే," అన్నాడు వాడు మెల్లగా, "లోపల ఉంటే తెప్పలున్నాయి. చలి ఆపే రబ్బరు సూటు వేసుకుంది. ఎవరో ఒకరు చూస్తారు. మనం పోకపోయినా బతుకుతుంది."

బోంగ్ బాబాయ్ రెండు చేతులూ చుక్కాని మీద వేసి వాడి వంకే చూశాడు.

"బయట ఉంటే మనం తప్ప ఎవరూ లేరు. ఉన్నవాళ్లని కూడా మనమే లోపలికి పిలిచాం." వాడు తెర మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు, ఆ పచ్చటి మాట కనపడకుండా. "తిప్పు బాబాయ్. వెనక్కి. బయటికి."

బోంగ్ బాబాయ్ చుక్కాని మొత్తం తిప్పేశాడు. పడవ ఒరిగింది, నేను పట్టు తప్పి తాళ్ల మీద పడ్డాను. దోగ్యోం రేడియో తీసుకున్నాడు.

"ఇందాక చెప్పింది తప్పు. ఆమె అఖాతంలో ఉందని మా పెట్టె చెప్పింది, పెట్టె ప్రోగ్రాంలో తప్పుంది. దయచేసి మళ్లీ బయటికి రండి. ఓడలకి చెప్పండి. ప్రోగ్రాం రాసింది నేనే. నీళ్లలో ఉన్నది నా భార్య."

అటు నుంచి "తిరుగుతున్నాం" అన్నారు. అయితే వాళ్లు మాకంటే బాగా లోపలికి వెళ్లిపోయారు, రావడానికి టైం పడుతుంది.

అంత తిరిగినా తెర మళ్లీ సున్నానే చూపించింది. దాన్ని ఇక మేం నమ్మడం లేదు, గీతల్నే చూస్తున్నాం. ఒకటిన్నర. ఒకటి. మినుకుమని ఆరిపోయింది.

"పోయింది," అన్నాడు దోగ్యోం.

"ఆగు."

"పోయిందక్కా!"

"ఆగరా! ఇంజను రొద ఎక్కువైతే అలాగే పోతుంది. బాబాయ్, తగ్గించు."

బాబాయ్ ఇంజను తగ్గించాడు. ముగ్గురం ఆ నల్లటి తెరని చూస్తూ నిలబడ్డాం. నాదే తప్పైతే ఏంటి పరిస్థితి అనుకున్నాను. ఆమె తెప్పల దగ్గరే ఉండి, నేను వాడి చేత తిప్పించి ఉంటే, రేపటి నుంచి ఆ బల్లకి అవతల వాడు కూర్చుంటే నేను ఇవతల ఎలా కూర్చోవాలి?

గీత వెలిగింది. ఒకటి.

"మెల్లగా పోనీ," అన్నాను.

ఒకటి అలాగే నిలబడింది. తర్వాత రెండు. దోగ్యోం నా చెయ్యి పట్టుకున్నాడు, ఎముకలు విరిగేలా పట్టుకున్నాడు. దిబ్బ దాటాం, మూడో గీత వచ్చింది. అప్పుడు మా కుడివైపు ఎక్కడో, ఎంత దూరమో తెలియకుండా ఓడ కూత వినిపించింది. పొట్టలో దిగినట్టుండే కూత. బోంగ్ బాబాయ్ మా గంట కొడుతూనే ఉన్నాడు, అంత ఓడకి ఈ గంట వినపడుతుందా అని నేను అడగలేదు.

అంకె పెరగడం మొదలైంది. కుడి పది, కుడి ఇరవై. కుడి అని ఉంది గానీ అది రెంటిలో ఏదైనా కావచ్చు.

"ఎడమకి కొంచెం తిప్పు బాబాయ్," అన్నాడు దోగ్యోం. అంకె ముప్పైకి పెరిగింది. "కాదు, కుడికి. కుడికి!" అంకె తగ్గింది. ఈసారి నిజంగానే కుడి. ఎటు తిప్పితే తగ్గుతుందో చూసుకుంటూ, చీకట్లో గోడ తడుముకున్నట్టు పోతున్నాం. నాలుగు గీతలూ వెలిగాయి.

"ఇంజను ఆపు!"

ఆపాడు. ఓడ కూత మళ్లీ వచ్చింది, ఈసారి దగ్గరగా. అది ఆగాక, దాని కింద నుంచి సన్నటి ఈల. మునక వేసి పైకొచ్చిన డైవింగ్ ఆడవాళ్లు బిగబట్టిన ఊపిరి వదిలేటప్పుడు వేసే ఈల. ఈమె మునక వెయ్యడం లేదు, ఊపిరి కోసమూ వెయ్యడం లేదు. మనిషి ఉందని చెప్పడానికి వేస్తోంది.

"దల్లే!" అని దోగ్యోం అరిచిన అరుపు ఆ ఓడలో కూడా వినపడి ఉంటుంది.

మునిగేవాళ్లు వెంట ఉంచుకునే నారింజ రంగు తేలుడు బంతి మొదట కనిపించింది, దాన్ని కరుచుకుని ఆమె. బోంగ్ బాబాయ్ కొక్కెం కర్రతో బంతి కింద వేలాడే గుల్లల వలని లాగాడు. దోగ్యోం సగం ఒళ్లు నీళ్లలోకి వంచి ఆమె చంకల్లో చేతులు వేశాడు, నేను వాడి బెల్టు పట్టుకుని వెనక్కి లాగాను. ముగ్గురం కలిసి పడవలో పడ్డాం. ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి. బోంగ్ బాబాయ్ ఇంజను వేసి పక్కకి పరిగెత్తించాడు. ఇంతలోనే మంచులోంచి నల్లటి గోడ లాంటిది మా వెనక నుంచి కదిలి వెళ్లింది. దాని అలకి పడవ నిలువుగా లేచి పడింది. దాని పేరేంటో, చివరెక్కడో మాకు కనపడలేదు.

రేడియోలో దొరికిందని చెప్పాం. దుప్పట్లు కప్పాం, ఫ్లాస్కులో ఉన్న వేడి బార్లీ టీ కొంచెం కొంచెంగా పట్టాం. మొదటి గుక్క బయటికే వచ్చేసింది, రెండోది దిగింది. చాలాసేపటికి గానీ ఆమె మాట్లాడలేకపోయింది.

"ఇందాక వచ్చింది మీరేనా?" అంది.

"ఎప్పుడే పిల్లా?" అన్నాడు బోంగ్ బాబాయ్.

"మొదట. బాబాయ్ ఇంజను చప్పుడు నాకు తెలీదా? దగ్గరికొచ్చింది. బాగా దగ్గరికి. నేను అరిచాను, ఈల వేశాను. అప్పుడు తిరిగింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది." ఆమె దోగ్యోం వంక చూసింది. "నువ్వూ ఉన్నావా అందులో?"

"వీడెక్కడున్నాడే అప్పుడు," అన్నాడు బోంగ్ బాబాయ్ వెంటనే. "నేనొక్కణ్ణే. ముసలాణ్ణి, చెవులు వినపడి చావవు. వీళ్లని తర్వాత ఎక్కించుకున్నా."

ఆయన అంత నున్నగా అబద్ధం ఆడగలడని నాకు తెలీదు. ఆ క్షణంలో ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. నేను కూడా అవునన్నట్టు తల ఊపాను. దోగ్యోం ఊరుకుంటే అయిపోయేది.

"ఉన్నాను," అన్నాడు దోగ్యోం. "తిప్పమన్నది నేనే."

దల్లే దుప్పటిలోంచి చెయ్యి బయటికి తీసి వాడి గుండె మీద గుద్దింది. ఆ దెబ్బలో బలమే లేదు, వేళ్లు సరిగ్గా ముడుచుకోవడం కూడా లేదు. ఇంకోసారి గుద్దింది. తర్వాత ఆ చెయ్యి తీసుకోకుండా వాడి తడి చొక్కా పట్టుకుంది.

"మళ్లీ ఎప్పుడూ అలా వెళ్లిపోకు," అంది.

వాడు తన రెండు చేతులతో ఆ చెయ్యిని కప్పి పట్టుకున్నాడు. పడవ రేవుకి చేరి, ఎప్పటిలాగే ఎడమ పక్కన గట్టుకి కట్టేదాకా వాడు దాన్ని వదల్లేదు.